పత్రికా మూలచిత్రాల గుర్తింపు, విలువ నిర్ణయం: వడ్డాది పాపయ్య చిత్రాలు ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు పత్రికల ముఖచిత్రాలకు, కథల బొమ్మలకు, చిత్రకథలకు చిత్రకారులు చేతితో గీసిన మూలచిత్రాలు అచ్చు పూర్తయిన తరువాత కార్యాలయాలలోను, బ్లాకు తయారీదారుల వద్దను, కుటుంబాల పెట్టెలలోను చెదిరిపోయాయి. నేడు వ్యక్తిగత సేకరణలలో కనిపించే బొమ్మలలో ఏది మూలచిత్రం, ఏది బ్రోమైడు, ఏది నకలు అన్న విచక్షణ లేకుండానే వాటికి విలువ కడుతున్నారు. శ్రీకాకుళంలో జన్మించిన వడ్డాది పాపయ్య చిత్రాలను కేంద్రంగా తీసుకొని, ముద్రణక్రమంలో పుట్టే రూపాలను, వాటిని గుర్తించే ఆధారాలను, విలువ నిర్ణయించే పద్ధతిని ఈ వ్యాసం చర్చిస్తుంది. సేకర్తలు లోపాలుగా భావించే పనిగుర్తులే మూలచిత్రానికి బలమైన సాక్ష్యాలని, ఆ సాక్ష్యాన్ని నిర్ధారించేది పత్రిక పాత సంచిక అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వడ్డాది పాపయ్య, చందమామ, యువ, కథానిలయం, మూలచిత్రం, బ్లాకు, పత్రికా చిత్రకళ, ఉత్తరాంధ్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగు కథాచరిత్రను పత్రికలను వదిలి రాయడం సాధ్యం కాదని పరిశోధకులందరూ అంగీకరిస్తారు. కథ మొదట పత్రికలో వెలువడుతుంది, తరువాత సంపుటిలో చేరుతుంది. ఈ ప్రయాణంలో పాఠం నిలుస్తుంది. పాఠం పక్కన అచ్చయిన బొమ్మ సాధారణంగా రాలిపోతుంది. సంపుటి చదివిన నేటి పాఠకునికి, పత్రికలో చదివిన నాటి పాఠకుడు ఏ బొమ్మను చూసి కథలోకి ప్రవేశించాడో తెలియదు. బొమ్మ అచ్చుప్రతి కనీసం పాత సంచికలోనైనా మిగులుతుంది. ఆ అచ్చుకు ఆధారమైన చేతిపని, అంటే మూలచిత్రం, అంతకన్నా ముందే కనుమరుగవుతుంది.

మూలచిత్రం అంటే ముద్రించడానికని చిత్రకారుడు స్వహస్తాలతో గీసి అందించిన చిత్రం. గోడకు తగిలించడానికి గీసిన వర్ణచిత్రానికి, దీనికి ఒక మౌలికభేదం ఉంది. గోడచిత్రం తనంతట తానే తుదిరూపం. పత్రికా మూలచిత్రం మధ్యదశ. దాని తుదిరూపం వేల ప్రతులలో అచ్చయిన పుట. అందువల్ల మూలచిత్రంపై బ్లాకు తయారీదారు పెన్సిలు గీతలు, సంపాదకుని సూచనలు, తెల్లరంగుతో చేసిన దిద్దుబాట్లు, అంటించిన కాగితపు ముక్కలు ఉండటం సహజం. వాటిని మచ్చలుగా భావించి తుడిపించేవారు, అంచులు కత్తిరించి పటం కట్టించేవారు తమకు తెలియకుండానే ఆ వస్తువు చరిత్రను చెరిపివేస్తున్నారు.

ఉత్తరాంధ్రకు ఈ సమస్యతో ప్రత్యేకమైన సంబంధం ఉంది. తెలుగు పత్రికా చిత్రకళలో అగ్రస్థానంలో నిలిచిన వడ్డాది పాపయ్య ఈ ప్రాంతంవాడు. తొలి తెలుగు వ్యంగ్యచిత్రకారునిగా గుర్తింపు పొందిన తలిశెట్టి రామారావు 1906 మే 20న విజయనగరానికి ఎగువనున్న జయపురంలో జన్మించాడు. ఆయన పుట్టినరోజునే తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. పత్రికలలోని కథలను పోగుచేసిన కథానిలయం శ్రీకాకుళంలోనే ఉంది. చిత్రకారులు, చిత్రాలను నిర్ధారించగల పత్రికలు ఒకే ప్రాంతానికి చెందినవైనా, ఈ రెండింటినీ కలిపే అధ్యయనం వెనుకబడి ఉంది.

2. శ్రీకాకుళం నుంచి వడపళని వరకు

వడ్డాది పాపయ్య 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించాడు. తండ్రి డ్రాయింగు మాస్టరు. కుంచె పట్టడం ఆయనకు ఇంట్లోనే అబ్బింది. బాల్యంలోనే రవివర్మ చిత్రానికి నకలు తీశాడని ఆయన జీవితకథనాలు పేర్కొంటాయి. ఆ కాలపు మధ్యతరగతి ఇళ్ళలో రవివర్మ చిత్రాలంటే అచ్చుబొమ్మలే. 1894లో బొంబాయిలో రవివర్మ స్థాపించిన ముద్రణాలయం దేవతల చిత్రాలను ఇంటింటికీ చేర్చింది. అచ్చుబొమ్మను చూసి నేర్చుకున్న బాలుడు తరువాత అచ్చు కోసమే జీవితమంతా బొమ్మలు వేయడం గమనించదగిన విషయం.

1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించిన చందమామ త్వరలోనే ఇతర భారతీయభాషలకు విస్తరించింది. ఎం.టి.వి. ఆచార్య, ‘చిత్ర’ పేరుతో ప్రసిద్ధుడైన టి. వీరరాఘవన్, ‘శంకర్’గా పేరొందిన కె.సి. శివశంకరన్ దాని చిత్రశాలకు ప్రాణం పోశారు. ఆచార్య తరువాత, 1950ల చివరినుంచి చందమామ ముఖచిత్రాలకు వడ్డాది పాపయ్య పేరు పర్యాయపదమైంది. చక్రపాణి నడిపిన యువ మాసపత్రికలో ఆయన వేరొక లోకాన్ని చూపాడు. పిల్లల పత్రికకు పురాణపురుషులను, జానపద వీరులను ఇచ్చిన కుంచె, పెద్దల పత్రికకు ఋతువులను, కావ్యనాయికలను, పల్లెపడుచులను ఇచ్చింది. జీవితపు మలిదశలో కశింకోటలో స్థిరపడిన ఆయన 1992 డిసెంబరు 30న మరణించాడు.

ఈ జీవితక్రమం మూలచిత్రాల అన్వేషణకు ఒక భౌగోళిక రేఖను ఇస్తుంది. చిత్రకారుని ఊళ్ళు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. చందమామ ముద్రణాలయం మద్రాసులోని వడపళనిలో ఉండేది. బొమ్మ గీసిన చోటుకు, అచ్చయిన చోటుకు మధ్య చేతులు మారిన ప్రతిదశలోను ఏదో ఒక రూపం మిగిలే అవకాశం ఉంది. చిత్రకారుని ఇంట చిత్తురేఖలు, సంపాదకుని వద్ద మూలచిత్రం, బ్లాకు తయారీదారు వద్ద నెగెటివు, ముద్రణాలయంలో బ్లాకు, ప్రూఫు మిగలవచ్చు. చందమామ యాజమాన్యం 2007లో జియోడెసిక్ సంస్థకు మారింది. మరికొన్నేళ్ళకు ముద్రిత సంచికలే ఆగిపోయాయి. పత్రిక చేతులు మారినప్పుడు, మూతపడినప్పుడు హక్కుల పత్రాలను లెక్కపెట్టినంత జాగ్రత్తగా బొమ్మల కట్టలను లెక్కపెట్టరు. అందువల్ల బయటి సేకరణలలో ఉన్న ప్రతి వస్తువును విడిగా పరీక్షించవలసి ఉంటుంది.

3. ముద్రణక్రమంలో పుట్టే రూపాలు

ఒకే బొమ్మకు సంబంధించి సేకరణలో దొరకగల వస్తువులను వాటి పుట్టుక క్రమంలో ఆరు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటిది చిత్తురేఖ. పెన్సిలుతో, కొన్నిసార్లు పలుచని రంగుతో, పలుచని కాగితంపై గీసిన ఆలోచనారూపం ఇది. తుదిచిత్రంలో లేని మార్పులు ఇందులో కనిపిస్తాయి.

రెండవది మూలచిత్రం. నలుపు గీతల బొమ్మ అయితే డ్రాయింగు కాగితంపై ఇండియన్ ఇంకుతోను, ముఖచిత్రం అయితే మందపాటి అట్టపై నీటిరంగులు లేదా పోస్టరు రంగులతోను ఉంటుంది.

మూడవది కెమెరా దశలోని ప్రతి. మూలచిత్రాన్ని ఫొటో తీసి చేసిన నెగెటివు, పాజిటివు, బ్రోమైడు ఈ వర్గానివి. బ్రోమైడు అంటే ఫొటో కాగితంపై వచ్చిన నలుపుతెలుపు ప్రతి. దూరంనుంచి చూస్తే ఇంకుబొమ్మలాగే కనిపిస్తుంది.

నాలుగవది బ్లాకు. కర్రపై బిగించిన జింకు లేదా రాగి రేకుపై బొమ్మ కుడిఎడమలు తారుమారై ఉంటుంది. గీతల బొమ్మలకు లైన్ బ్లాకు, ఛాయలున్న బొమ్మలకు చుక్కలతో కూడిన హాఫ్‌టోన్ బ్లాకు తయారయ్యేవి. రంగుల ముఖచిత్రానికి పసుపు, ఎరుపు, నీలం, నలుపులకు నాలుగు బ్లాకులు కావాలి.

అయిదవది ప్రూఫు. ఒక్కొక్క రంగు విడిగాను, తరువాత ఒకదానిపై ఒకటి చేర్చిను తీసిన పరీక్షాప్రతుల వరుస ఇది. సంఖ్యలో చాలా తక్కువగా ఉంటుంది.

ఆరవది అచ్చుప్రతి. సంచికలోని పుట, సంచికనుంచి కత్తిరించిన పుట, తరువాతి కాలపు పునర్ముద్రణ, నేటి డిజిటల్ ప్రింటు ఇందులో చేరుతాయి.

వీటితోపాటు ముద్రణక్రమానికి వెలుపల రెండు రూపాలున్నాయి: చిత్రకారుడే తన పాత బొమ్మను అభిమానుల కోసం మళ్ళీ గీసిన స్వీయ పునఃచిత్రణ, ఇతరులు చూసి గీసిన నకలు. సేకర్తలకు ఎక్కువ చిక్కు తెచ్చేవి ఈ రెండే.

చిత్రకథల విషయంలో మరొక అంశం చేరుతుంది. గళ్ళలోని సంభాషణలను చాలా సందర్భాలలో విడి కాగితంపై రాసి బొమ్మపై అంటించేవారు. ‘డుంబు’ వంటి చిత్రకథలతో తెలుగు బాలలను అలరించి, ఇలస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రాన్ని చిత్రకథగా అందించిన బుజ్జాయి వంటివారి పుటలను పరిశీలించేటప్పుడు అక్షరాల పొరను, బొమ్మ పొరను వేరువేరుగా చూడవలసి ఉంటుంది. ఒకే ముఖచిత్రం అనేక భాషల సంచికలకు ఉపయోగపడిన చందమామలో పత్రిక పేరు భాషను బట్టి మారేది. కనుక చందమామ ముఖచిత్రంగా చెప్పే అట్టపై తెలుగు శీర్షిక రంగులో కలిసిపోయి ఉంటే సందేహించాలి. పైభాగంలో శీర్షిక కోసం వదిలిన ఖాళీ ఉంటే అది అనుకూల సాక్ష్యం.

4. గుర్తింపు ఆధారాలు

4.1 వస్తుపరీక్ష

పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం ఈ పరీక్షకు ప్రధాన సాధనం. ఆఫ్‌సెట్ లేదా హాఫ్‌టోన్ ముద్రణలో ఛాయలు క్రమబద్ధమైన చుక్కల వరుసలుగా విడిపోతాయి. నేటి ఇంక్‌జెట్ ప్రింటులో క్రమంలేని సన్నని తుంపరలు కనిపిస్తాయి. మూలచిత్రంలో చుక్కలు ఉండవు. కుంచె వెంట్రుకల జాడ, రంగు గుమికూడిన అంచు, ఒక పొరపై మరొక పొర ఎక్కిన తీరు కనిపిస్తాయి. కాగితాన్ని పక్కవెలుతురులో వాల్చి చూస్తే పెన్సిలు ఒత్తిడి గాడులు, పోస్టరు రంగు మందం బయటపడతాయి. బ్రోమైడుపై ఈ ఎత్తుపల్లాలు ఉండవు. నలుపంతా ఒకే తలంలో ఉంటుంది.

నీలిపెన్సిలు గీతలు ప్రత్యేకంగా చూడవలసినవి. గీతల బొమ్మలను ఫొటో తీసే ఫిల్ముకు లేతనీలం దాదాపు తెలుపుగానే కనిపిస్తుంది. కనుక చిత్రకారులు, బ్లాకు తయారీదారులు చెరపవలసిన అవసరం లేకుండా నీలిపెన్సిలుతో గుర్తులు పెట్టేవారు. అచ్చులో కనిపించని నీలిగీత అట్టపై కనిపించడం, ఆ అట్ట కెమెరా ముందుకు వెళ్ళడానికి సిద్ధమైనదని చెబుతుంది. మూలల్లోని కత్తిరింపు గుర్తులు, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోవడానికి పెట్టిన కూడిక గుర్తులు, ఎంతకు తగ్గించాలో తెలిపే అంకెలు కూడా ఈ కోవకే చెందుతాయి.

అతినీలలోహిత దీపం కింద పరీక్ష మరొక సహాయం. కాగితాన్ని మెరిపించే రసాయనాల వాడుక 1950ల తరువాతే విస్తృతమైంది. 1940ల నాటిదని చెప్పే కాగితం ఆ వెలుతురులో నీలంగా మెరిస్తే ఆ కాలనిర్ణయాన్ని తిరిగి పరిశీలించాలి. మెరవకపోవడం మాత్రం ప్రాచీనతకు రుజువు కాదు. అలాంటి కాగితాలు నేటికీ దొరుకుతాయి.

4.2 కొలతలు

మూలచిత్రాన్ని సాధారణంగా అచ్చు పరిమాణంకన్నా పెద్దదిగా గీస్తారు. తగ్గించినప్పుడు గీతలోని చిన్న వణుకులు మాయమై బొమ్మ నిండుగా కనిపిస్తుంది. అమెరికా కామిక్ పుస్తకాల పుటలను 1960ల మధ్యవరకు 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తున గీసేవారు. ఆ దశకం చివరిలో అది 10, 15 అంగుళాలకు తగ్గింది. అందువల్ల అక్కడ పుట కొలతే కాలాన్ని సూచిస్తుంది.

తెలుగు పత్రికలకు కొలతకన్నా నిష్పత్తి ఎక్కువగా ఉపకరిస్తుంది. అచ్చయిన బొమ్మ వెడల్పు 6 అంగుళాలు, ఎత్తు 9 అంగుళాలు అయితే, ఒకటిన్నర రెట్ల మూలచిత్రం 9, 13.5 అంగుళాలు, రెండింతల మూలచిత్రం 12, 18 అంగుళాలు ఉంటుంది. కత్తిరింపు గుర్తుల మధ్యదూరం ఈ నిష్పత్తికి సరిపోవాలి. సరిగ్గా అచ్చు పరిమాణంలోనే ఉన్న బొమ్మ అచ్చుప్రతిపై కాగితం పెట్టి గీసిన నకలు అయ్యే అవకాశాన్ని ముందుగా పరిశీలించాలి.

4.3 వెనుకవైపు సాక్ష్యం

అట్ట వెనుకభాగం, బొమ్మతో దొరికిన కవరు, చెల్లింపు చీటీ కాలనిర్ణయానికి తోడ్పడతాయి. ఉత్తరాంధ్రకు సంబంధించి ఇందుకు నిశ్చితమైన తేదీలున్నాయి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లానుంచి ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. చిరునామాలో ‘విజయనగరం జిల్లా’ అని ఉంటే ఆ రాత 1979కి ముందుది కాదు. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. వడపళని చిరునామా ‘మద్రాసు–26’ అని ఉంటే పాతపద్ధతి, ఆరంకెల 600026 ఉంటే 1972 తరువాతిది. చెల్లింపు చీటీలో అణాలు ఉంటే 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు రాకముందుదని, ‘నయాపైసలు’ ఉంటే 1957, 1964 మధ్యదని తొలి అంచనాకు రావచ్చు.

అయితే ఈ సాక్ష్యం కవరు వయస్సును చెబుతుంది కాని బొమ్మ వయస్సును కాదు. పాత కవరులో కొత్త బొమ్మ ఉండవచ్చు. పాత అలవాటు కొద్దీ కొత్త జిల్లా పేరు రాయనివారూ ఉంటారు. అట్టపైనే ఉన్న రాత, విడి కవరుపై ఉన్న రాత కన్నా బలమైనది.

4.4 అచ్చుప్రతితో పోలిక

పై ఆధారాలన్నీ వస్తువు మూలచిత్రం కాగలదని మాత్రమే చెబుతాయి. ఏ సంచికలో, ఏ పుటలో అచ్చయిందో చూపినప్పుడే గుర్తింపు పూర్తవుతుంది. పోలికలో సామ్యాలకన్నా తేడాలే ఎక్కువ విషయం చెబుతాయి. మూలచిత్రంలో అంచులవద్ద ఉన్న భాగం అచ్చులో కత్తిరింపుకు గురై ఉంటుంది. అచ్చులో కనిపించని అదనపు భాగం చేతిలోని బొమ్మలో ఉంటే, అది అచ్చును చూసి గీసింది కాదనడానికి గట్టి ఆధారం. తెల్లరంగుతో దిద్దిన చోట అచ్చులో గీత లేకపోవడం మరొక ఆధారం. దీనికి విరుద్ధంగా, అచ్చులో రంగు జరిగినందువల్ల ఏర్పడిన లోపాన్ని కూడా చేతిలోని బొమ్మ అనుకరిస్తే, అది అచ్చునుంచి పుట్టిన నకలే.

ఈ పోలికకు పాత సంచికలు అందుబాటులో ఉండాలి. 1997 ఫిబ్రవరి 22న కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో ప్రారంభించిన కథానిలయం ప్రాధాన్యం ఇక్కడ స్పష్టమవుతుంది. కథల కోసం పోగుచేసిన పత్రికలలో ఆ కథల బొమ్మలూ ఉన్నాయి. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ 1960వ దశకంలో యువలో వెలువడింది. ఆ పత్రికే వడ్డాది పాపయ్య చిత్రాలకు ప్రధాన వేదికలలో ఒకటి. కథానిలయం పట్టిక కథ, రచయిత, పత్రిక, తేదీ అనే అంశాలపై నిర్మితమైంది. దానికి చిత్రకారుని పేరు, సంతకం రూపం, బొమ్మ పుటసంఖ్య అనే మూడు అంశాలతో కూడిన అనుబంధ సూచిక తోడైతే, మూలచిత్రాల నిర్ధారణకు అంతకన్నా మంచి పునాది ఉండదు. తెలుగుశాఖల పరిశోధకులు ఒక్కొక్క పత్రికను, ఒక్కొక్క దశకాన్ని విభాగించుకొని ఈ పని చేయవచ్చు.

5. సంతకం, నకలు

సేకర్తలు మొదట వెదికేది సంతకాన్ని. ‘వ.పా.’ అనే రెండక్షరాలు తెలుగు పాఠకులకు అంతగా పరిచితం. కాని గుర్తింపు ఆధారాలలో సంతకం బలహీనమైనది. అచ్చుబొమ్మలోను సంతకం అచ్చవుతుంది. నకలు తీసేవారు బొమ్మతోపాటు సంతకాన్నీ నకలు తీస్తారు. అచ్చుప్రతిలో సంతకం ఉన్నచోట, అదే కోణంలో మూలచిత్రంలో ఉండటం అవసరం. అచ్చులో లేని సంతకం చేతిలోని బొమ్మపై ఉంటే అది తరువాత చేర్చినది. చేర్చినది చిత్రకారుడే అయి ఉండవచ్చు, కాకపోవచ్చు.

నకలును వెంటనే మోసంగా భావించడం కూడా సరికాదు. మన చిత్రకళాశిక్షణలో నకలు తీయడం అభ్యాసమార్గం. వడ్డాది పాపయ్య స్వయంగా రవివర్మను నకలు తీసి నేర్చుకున్నట్లే, పత్రికలలోని ఆయన ముఖచిత్రాలను చూసి నేర్చుకున్నవారూ ఉన్నారు. చిత్రకళా శిక్షణకు విజయనగరంలో కేంద్రం ఏర్పరచిన అంట్యాకుల పైడిరాజు (1919–1986) వంటివారి కృషితో ఈ ప్రాంతంలో కుంచె పట్టినవారి సంఖ్య పెరిగింది. డ్రాయింగు మాస్టర్ల ఇళ్ళలో, పాఠశాలల గోడలపై ప్రసిద్ధచిత్రాల నకళ్ళు ఉండటం సహజం. అవి గురుశిష్య పరంపరకు సాక్ష్యాలు. నకలును నకలుగా నమోదు చేసినంతకాలం దానికి తనదైన చారిత్రకవిలువ ఉంటుంది. అమ్మకంలో అది మూలచిత్రంగా పేరు మార్చుకున్నప్పుడే మోసం మొదలవుతుంది.

6. విలువ నిర్ణయం

విలువ అన్న పదానికి ఇక్కడ మూడు అర్థాలున్నాయి. సుముఖులైన కొనుగోలుదారు, అమ్మకందారు తొందర లేకుండా అంగీకరించే మొత్తం విపణివిలువ. వస్తువు నశిస్తే దానివంటిది సంపాదించడానికి అయ్యే ఖర్చు బీమావిలువ. ఇది సాధారణంగా విపణివిలువకన్నా ఎక్కువ. ముద్రణచరిత్రకు, కళాచరిత్రకు ఆ వస్తువు అందించే సమాచారం సాక్ష్యవిలువ; దీనిని రూపాయలలో చెప్పలేము. తెలుగు పత్రికా మూలచిత్రాలకు క్రమబద్ధమైన వేలం చరిత్ర ఏర్పడలేదు కాబట్టి, ఏదో ఒక అమ్మకపు ధరను పట్టుకొని తక్కినవాటికి వర్తింపజేయడం ప్రమాదకరం. ముందు సాక్ష్యవిలువను నిర్ణయిస్తే విపణివిలువకు ఒక క్రమం ఏర్పడుతుంది.

ఒక పెట్టెలో నాలుగు వస్తువులు దొరికినట్లు ఊహించవచ్చు. మొదటిది సంతకంతో, ఏ మచ్చా లేకుండా మెరిసే ముఖచిత్రం. రెండవది అంచులు చిరిగి, నీలిపెన్సిలు గీతలతో, తెల్లరంగు దిద్దుబాట్లతో, సంతకం సగం కత్తిరింపు గుర్తుకు బయట ఉన్న అట్ట. మూడవది చక్కని నలుపుతెలుపు బొమ్మ. నాలుగవది తుప్పుపట్టిన జింకు బ్లాకు. పటం కట్టించాలనుకునే కుటుంబం మొదటిదాన్ని, మూడవదాన్ని ఎన్నుకొని మిగిలినవి పారవేస్తుంది. పరీక్షలో మొదటిది అచ్చు పరిమాణంలో ఉన్న నకలుగా, మూడవది బ్రోమైడుగా తేలవచ్చు. రెండవది సంచికతో సరిపోలితే అది మూలచిత్రం. నాలుగవది ఆ బొమ్మ ఏ పద్ధతిలో అచ్చయిందో చెప్పే ఏకైక సాక్ష్యం. అంటే కంటికి నచ్చే క్రమం, విలువల క్రమం దాదాపు తలకిందులుగా ఉండవచ్చు.

అంతర్జాతీయ విపణిలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. టిన్‌టిన్ చిత్రకథల సృష్టికర్త హెర్జే 1936లో ‘బ్లూ లోటస్’ ముఖచిత్రం కోసం గీసిన ఒక బొమ్మను ముద్రించడానికి ఖర్చు ఎక్కువవుతుందని పక్కన పెట్టారు. మడతల జాడలు స్పష్టంగా కనిపించే ఆ కాగితం 2021 జనవరిలో పారిస్ వేలంలో దాదాపు 32 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. మడతలు ధరను ఆపలేదు. ముద్రణక్రమంలో దాని స్థానం ఏమిటో నిర్వివాదంగా తెలియడమే దాని బలం.

విలువ నిర్ణయంలో వరుసగా అడగవలసిన ప్రశ్నలు అయిదు. వస్తువు ముద్రణక్రమంలో ఏ దశకు చెందింది? అచ్చయిన సంచిక, పుట నిర్ధారణ అయ్యాయా? అది ముఖచిత్రమా, కథలోని ప్రధానచిత్రమా, చిన్న అలంకారమా? దాని స్థితి ఎలా ఉంది? చిత్రకారునినుంచి నేటి స్వాధీనదారు వరకు చేతులు మారిన క్రమానికి ఆధారాలున్నాయా? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం లేకుండా మిగిలిన మూడింటితో కట్టిన ధర కేవలం ఊహ.

స్థితి విషయంలో తీరప్రాంతపు వాతావరణం ముఖ్యం. తేమవల్ల బూజు, పుస్తకాల పురుగు, పోస్టరు రంగు పొరలు లేవడం, సెల్లోటేపు గోధుమమరకలు సాధారణం. లామినేషన్ చేయించడం తిరిగి సరిదిద్దలేని నష్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు ఈ జిల్లాలను దెబ్బతీశాయి. ఇటువంటి ప్రాంతంలో ఒకే ఇంట్లో ఉన్న సేకరణకు ముందువైపు, వెనుకవైపు తీసిన ఛాయాచిత్రాలు, కొలతలు, సంచిక వివరాలతో కూడిన జాబితా మరొక ఊరిలో కూడా ఉండటం అత్యవసరం.

7. వస్తువు ఒకరిది, హక్కు మరొకరిది

మూలచిత్రం చేతిలో ఉన్నంతమాత్రాన దానిని పునర్ముద్రించే హక్కు రాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన తరువాతి సంవత్సరం మొదలుకొని అరవై ఏళ్ళు హక్కు కొనసాగుతుంది. 1992లో మరణించిన వడ్డాది పాపయ్య చిత్రాలకు ఈ గడువు 2052 ముగిసేవరకు ఉంటుంది. పత్రికలో ఉద్యోగిగా గీసిన బొమ్మ విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికలో ప్రచురించే హక్కుకు తొలి యజమాని పత్రికాధిపతి అని ఆ చట్టంలోని 17వ సెక్షను చెబుతుంది. అందువల్ల చిత్రకారుడు జీతానికి పనిచేశాడా, బొమ్మకు ఇంత అని తీసుకున్నాడా అన్నది కేవలం జీవితచరిత్ర విషయం కాదు. పాత చెల్లింపు చీటీ ఒక్కటి హక్కుల వివాదాన్ని తేల్చగలదు.

1994 సవరణతో చేరిన 53ఎ సెక్షను మరొక ముఖ్యమైన అంశం. పదివేల రూపాయలకు మించిన ధరకు మూలచిత్రం తిరిగి అమ్ముడైనప్పుడు, 17వ సెక్షను ప్రకారం తొలిహక్కుదారు అయిన చిత్రకారునికి, అతని వారసులకు పదిశాతానికి మించని వాటా పొందే హక్కు ఉంది. పత్రికల కోసం గీసినవారి కుటుంబాలలో ఈ నిబంధనకు ఇంకా తగిన ప్రచారం లభించవలసి ఉంది.

మూలచిత్రాలు చిత్రకారులకు తిరిగిరాకపోవడం తెలుగునాటికే పరిమితం కాదు. అమెరికాలో మార్వెల్ సంస్థకు అసంఖ్యాకంగా పుటలు గీసిన జాక్ కర్బీ సుదీర్ఘ వివాదం తరువాత 1987లో దాదాపు రెండు వేల పుటలను మాత్రమే తిరిగి పొందగలిగాడు. అక్కడ చిత్రకారులు సంఘటితంగా అడిగినందువల్ల మూలచిత్రం చిత్రకారుని ఆస్తి అన్న సంప్రదాయం స్థిరపడింది.

భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం కింద తొమ్మిదిమంది చిత్రకారుల కృతులు జాతీయ కళానిధులుగా గుర్తింపు పొందాయి. రవివర్మ, రవీంద్రనాథ్ ఠాగూరు, నందలాల్ బోసు, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్ వారిలో ఉన్నారు. తెలుగు చిత్రకారుడెవరూ ఆ జాబితాలో లేరు. కేవలం పత్రికా చిత్రకారునిగా పేరొందినవారూ లేరు. సాధారణ వస్తువు పురావస్తువు కావడానికి ఆ చట్టం నూరేళ్ళ వయస్సును కోరుతుంది. అంటే ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలంలో పుట్టిన పత్రికా మూలచిత్రాలకు నేడు చట్టపరమైన రక్షణ లేదు. వాటిని కాపాడేది గుర్తింపు, నమోదు మాత్రమే.

8. ముగింపు

పై చర్చవల్ల తేలిన అంశాలు ఇవి. పత్రికా మూలచిత్రాన్ని గోడచిత్రపు ప్రమాణాలతో తూచడం సరికాదు. నీలిగీత, తెల్లదిద్దు, కత్తిరింపు గుర్తు దాని పుట్టుకకు సాక్ష్యాలు కనుక వాటిని యథాతథంగా కాపాడాలి. సంతకం గుర్తింపుకు ఆరంభం కావచ్చు కాని నిర్ణయం కాజాలదు. పాత సంచికతో పోలికే నిర్ణాయకం. జిల్లాల ఏర్పాటు, పిన్‌కోడు, నాణేల మార్పు వంటి స్థానిక, పరిపాలనా తేదీలు కాలనిర్ణయానికి ఉపకరిస్తాయి. నకలు, బ్లాకు, బ్రోమైడు తమ తమ పేర్లతో నమోదైనప్పుడు అవి కూడా చరిత్రసామగ్రి. ధర నిర్ణయానికి ముందు ముద్రణక్రమంలో స్థానం, ప్రచురణ వివరం తేలాలి.

వడ్డాది పాపయ్య శతజయంతి 2021లో ముగిసింది. ఆయన బొమ్మలను బాల్యంలో సంచికలలో చూసిన తరం, ఏ బొమ్మ ఏ నెల చందమామపై వచ్చిందో జ్ఞాపకంతోనే చెప్పగల తరం, ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. పెట్టెలోని అట్టను, కథానిలయంలోని సంచికను, ఆ జ్ఞాపకాన్ని ఒకచోట చేర్చి పట్టిక రాయగల వ్యవధి పరిమితం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల తెలుగుశాఖలు ఒక్కొక్క సంవత్సరపు యువ, చందమామ సంచికలతో ఈ పట్టికను మొదలుపెట్టడానికి ప్రత్యేక నిధులు అవసరం లేదు. పాత సంచిక, కొలబద్ద, భూతద్దం చాలు.